రోడ్డు వెడల్పు, గోడ మీద ఎర్ర గీత: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున పాలప్యాకెట్ కోసం గేటు తీస్తే గోడ మీద ఎర్ర రంగుతో ఒక బాణం, పక్కన 3.4 అని అంకె. ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో వీధిలో ఎవరికీ తెలీదు. మున్సిపల్ కాగితాలతో నా పరిచయం అలా మొదలైంది. అప్పట్నుంచి పక్క వీధులవాళ్లు, బంధువులు, బంధువుల బంధువులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పట్టణాలు రెంటికీ పనికొచ్చేలా రాశాను. నేను లాయర్ని కాను. కోర్టు మెట్లెక్కాల్సి వస్తే లాయర్నే అడగండి.

గోడ మీద గీత పడింది. ఇల్లు పోయినట్టేనా?

లేదు. అది సర్వేవాళ్లు వేసుకున్న గుర్తు మాత్రమే. నోటీసు కాదు, ఉత్తర్వు అంతకన్నా కాదు. దాన్ని చూసి భయపడి మీ అంతట మీరే గోడ కొట్టేసుకోవద్దు. మా వీధిలో ఒకాయన ఆ పని చేశాడు. తర్వాత కొలతలు మారాయి, ఆయన గోడ మాత్రం తిరిగి రాలేదు.

ఈ విషయంలో 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు బాగా పనికొస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్‌లో 2019లో రోడ్డు వెడల్పు పేరుతో ఒక ఇల్లు కూల్చేశారు. చేతికి నోటీసు ఇవ్వలేదు, దండోరా వేయించి సరిపెట్టారు. ఆక్రమణ ఉందనుకున్నా మహా అయితే 3.70 మీటర్లే, దానికి ఇల్లంతా కూల్చడమేంటని కోర్టు నిలదీసి, 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇవ్వమంది. అక్కడితో ఆగకుండా అన్ని రాష్ట్రాలూ పాటించాల్సిన వరస కూడా చెప్పింది. రికార్డుల ప్రకారం ఇప్పుడున్న రోడ్డు వెడల్పు ఎంతో ముందు తేల్చాలి. ఆక్రమణ ఉందో లేదో సర్వే చేయాలి. ఉంటే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం చెబితే కారణాలు రాస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. అభ్యంతరం తోసిపుచ్చినా, ఖాళీ చేయడానికి తగిన గడువుతో మళ్లీ నోటీసు ఇవ్వాలి. ఉన్న రోడ్డు చాలకపోతే చట్టప్రకారం భూమి సేకరించాలి.

కానీ రోడ్డు ఆక్రమణకు నోటీసే అక్కర్లేదట కదా?

అదే నెల 13న వచ్చిన ఇంకో తీర్పును చూపించి అలా అంటారు. కూల్చివేతలకు ముందు 15 రోజుల నోటీసు ఉండాలన్న ఆ తీర్పులో రోడ్డు, ఫుట్‌పాత్ లాంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే మీ గోడ నిజంగా రోడ్డులోనే ఉందా? ఉందనాలంటే ముందు రోడ్డు ఎంతో తేలాలి. దానికి 6వ తేదీ తీర్పు ఉంది. రెండు తీర్పుల ప్రతులూ దగ్గర పెట్టుకోండి.

ముందుగా ఏం అడగాలి? పరిహారం ఎంత అనా?

అందరూ అదే అడుగుతారు. నేనూ అదే అడిగి రెండు నెలలు పోగొట్టుకున్నాను. పరిహారం మాట ఎత్తామంటే, మన స్థలం పోవడానికి సగం ఒప్పుకున్నట్టు అవతలివాళ్లు లెక్కేసుకుంటారు. మొదటి ప్రశ్న వెడల్పు గురించి ఉండాలి: మాస్టర్ ప్లాన్‌లో, అంటే ఊళ్లో ఏ రోడ్డు ఎంత, ఏ స్థలం దేనికి అని ముందే వేసిన ప్లాన్‌లో, ఈ రోడ్డు ఎంత? రెండోది, ఎక్కడ్నుంచి కొలిచారు?

ఈ రెండో ప్రశ్నలోనే అసలు కథంతా ఉంది. రోడ్డు మధ్య గీత నుంచి రెండువైపులా సమానంగా తీసుకోవడం మామూలు పద్ధతి. మరి ఆ మధ్య గీత ఏది? మా వీధిలో అటు గోడ నుంచి ఇటు గోడకు 12.8 మీటర్లు, అంటే 42 అడుగులు. ప్లాన్‌లో 18 మీటర్లు. కావలసింది 5.2 మీటర్లు, సగం చేస్తే వైపుకు 2.6. మరి మావైపు 3.4, ఎదురువైపు 1.8 ఎందుకు వేశారు? కారణం కనుక్కునేసరికి నవ్వొచ్చింది. వాళ్లు తారు మధ్యను రోడ్డు మధ్య అనుకున్నారు. ఎప్పుడో తారు వేసినప్పుడు ఎదురువైపు పెద్ద మురుగుకాలువ ఉందని తారును మావైపు జరిపి వేశారు. ఆ జరుగుడు 80 సెంటీమీటర్లు మా వరండాకు చుట్టుకుంది.

అన్నిసార్లూ ఇంత అమాయకంగా ఉండదు. గుడో, ట్రాన్స్‌ఫార్మరో, పలుకుబడి ఉన్నవాళ్ల మూడంతస్తుల బిల్డింగో ఉన్నచోట మధ్య గీత మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది.

మనమే కొలుచుకోవచ్చా?

తప్పకుండా. ఆదివారం పొద్దున్నే, బళ్లు తిరగకముందు, ఇద్దరు మనుషులు, ఒక 30 మీటర్ల టేపు చాలు. గోడ నుంచి గోడకు కనీసం ఐదు చోట్ల కొలవండి. ప్రతిచోటా టేపు కనిపించేలా ఫొటో తీయండి. ఇంటి నంబర్లు వేసి ఒక కాగితం మీద గీసుకోండి.

అడుగులు, మీటర్ల దగ్గర జాగ్రత్త. నోటితో 60 అడుగుల రోడ్డు అంటారు, ప్లాన్‌లో 18 మీటర్లని ఉంటుంది. 60 అడుగులంటే 18.29 మీటర్లు. తేడా మొత్తం మీద 11 అంగుళాలు, వైపుకు దాదాపు ఆరు అంగుళాలు. గోడ వెంబడే పిల్లరున్నవాళ్లకు ఆ ఆరంగుళాలే ప్రాణం.

మాస్టర్ ప్లాన్ ఎక్కడ చూడాలి?

హైదరాబాద్ చుట్టుపక్కల అయితే 2013లో నోటిఫై అయిన హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్ చూడాలి, అది 2031 వరకు వేసింది. హైదరాబాద్ పాత కార్పొరేషన్ ప్రాంతానికి 2010 నాటి ప్లాన్ వేరే ఉంది. మిగతా పట్టణాలకు మున్సిపల్ ఆఫీసులోని టౌన్ ప్లానింగ్ సెక్షన్, లేదా ఆ ప్రాంత పట్టణాభివృద్ధి సంస్థ. కొన్ని వెబ్‌సైట్లలో పీడీఎఫ్‌లు ఉంటాయి, కానీ జూమ్ చేస్తే మసక తప్ప ఏమీ కనపడదు.

ఇంకో ఇబ్బంది స్కేలుది. 1:10,000 స్కేలు మ్యాపులో ఒక మిల్లీమీటరంటే నేల మీద 10 మీటర్లు. ఆ మ్యాపు మీద పెన్నుతో గీసిన గీతే ఒక ఇల్లంత మందం ఉంటుంది. దాన్ని చూపించి మీ ఇల్లు ఇందులో పోతుంది అని ఎవరైనా అంటే నమ్మకండి. సర్వే నంబర్లు, కొలతలు ఉన్న రోడ్డు అభివృద్ధి ప్లాన్, అంటే ఆ ఒక్క రోడ్డుకే వేసిన వివరమైన డ్రాయింగ్, సర్టిఫైడ్ కాపీ కావాలని అడగండి.

అభ్యంతరాలకు గడువు పెట్టారని మాకు తెలిసేదెలా?

మామూలుగా అయితే తెలియదు. అదే కదా బాధ. పేపర్లో జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో చిన్న ప్రకటన, ఆఫీసు నోటీసు బోర్డు మీద ఒక కాగితం. మా ఊళ్లో ఆ బోర్డు బైకుల పార్కింగ్ వెనకాల గోడకు ఉంటుంది. దాన్ని చదవాలంటే ఎవరిదో ఒక స్కూటర్ జరపాలి. వీధికి ఒకరు వంతులేసుకుని పదిహేను రోజులకోసారి బోర్డు ఫొటో తీసి గ్రూపులో పెట్టడం తప్ప నాకు ఇంతకంటే మంచి ఉపాయం దొరకలేదు.

గడువులోపు జనం కదిలితే ఏమవుతుందో కామారెడ్డిలో చూశాం. 2022 చివర్లో పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది. చుట్టూ ఉన్న గ్రామాల రైతులు తమ పంట భూములు ఇండస్ట్రియల్ జోన్లోకి, వంద అడుగుల రోడ్డు కిందికి వెళ్తున్నాయని చూసుకున్నారు. కలెక్టరేట్ ముందు ధర్నాలు జరిగాయి. అభ్యంతరాలకు ఆఖరు తేదీ 2023 జనవరి 11. అదే నెల 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ ఆ నెలలోనే ముసాయిదా వెనక్కి పోయింది. అది ముసాయిదా దశ కాబట్టి కౌన్సిల్ తీర్మానంతో పని జరిగింది. ప్రభుత్వం తుది నోటిఫికేషన్ ఇచ్చేశాక ఇంత సులువు కాదు.

అభ్యంతరం ఎలా రాయాలి?

తెలుగులోనే రాయండి. "మాది పేద కుటుంబం, దయచేసి కనికరించండి" అని రాస్తే చదివి పక్కన పెడతారు. అంకెలు రాస్తే జవాబు చెప్పక తప్పదు. మాది ఇలా ఉండేది:

"మా ఇంటి ముందు రోడ్డు ప్రస్తుత వెడల్పు గోడ నుంచి గోడకు 12.8 మీటర్లు. ప్లాన్ ప్రకారం 18 మీటర్లు. రెండువైపులా సమానంగా తీసుకుంటే మావైపు 2.6 మీటర్లు రావాలి. 3.4 మీటర్లు గుర్తు పెట్టారు. మధ్య గీతను ఏ ఆధారంతో నిర్ణయించారో తెలిపి, ఇరువైపులవారి సమక్షంలో జాయింట్ సర్వే చేయించగలరు. మా అభ్యంతరంపై కారణాలతో కూడిన రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వగలరు."

అంతే. కొలతల కాగితం, ఫొటోలు, ఇంటి పన్ను రసీదు, రిజిస్టర్డ్ డాక్యుమెంటు జిరాక్సు, మంజూరైన బిల్డింగ్ ప్లాన్ కాపీ జతచేయండి. వీధి మొత్తం సంతకాలతో ఒకటి ఇవ్వండి, ఎవరి ఇంటికి వాళ్లు విడిగా కూడా ఇవ్వండి. ఒకే అర్జీ అయితే ఒకే జవాబు వస్తుంది, ముప్ఫై అర్జీలైతే ముప్ఫై ఫైళ్లు.

ఇన్‌వర్డ్ సెక్షన్లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. "సార్ వచ్చాక వేస్తాం, కాగితం పెట్టి వెళ్లండి" అంటే పెట్టి రాకండి. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపేయండి. సోమవారం జనం దగ్గర అర్జీలు తీసుకోవడానికి తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి, అక్కడ ఇస్తే నంబరు ఖాయంగా వస్తుంది. కాకపోతే ఆ అర్జీ చుట్టూ తిరిగి మళ్లీ అదే టౌన్ ప్లానింగ్ టేబుల్ మీదికే చేరుతుంది.

కౌన్సిల్ తీర్మానం చూసే హక్కు మనకుందా?

ఉంది. ఎజెండా, తీర్మానం, మినిట్స్ అన్నీ ప్రజా రికార్డులే. కార్పొరేషన్లలో ఇలాంటివి స్టాండింగ్ కమిటీలో పాసవుతాయి కాబట్టి ఆ కమిటీ ఎజెండా నోట్ అడగండి. పాలకవర్గం గడువు తీరి ప్రత్యేకాధికారి ఉన్న కాలంలో చేసిన నిర్ణయమైతే, ఆయన ఇచ్చిన ప్రొసీడింగ్స్ అడగండి. ముందు మీ కౌన్సిలర్‌నో కార్పొరేటర్‌నో అడగడం మంచిది, ఎజెండా కాపీ వాళ్లకు ముందే అందుతుంది. "నాకు తెలీకుండానే పాసైంది" అని వాళ్లంటే, ఆ మీటింగ్ హాజరు పట్టీ కూడా అడిగి చూడండి.

సమాచార హక్కు కింద ఏమేం అడగాలి?

2005 నాటి ఈ చట్టంలో అందరికీ తెలిసింది అర్జీ పెట్టి అడగడం. తెలియనిది నాలుగో సెక్షన్. ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయం ప్రకటించేటప్పుడు దానికి సంబంధించిన వాస్తవాలన్నీ ఆఫీసే బయటపెట్టాలని, నష్టపోయేవాళ్లకు కారణాలు చెప్పాలని అందులో ఉంది. అంటే మనం అడగకముందే ఇవ్వాల్సినవి ఇవి. అర్జీ పైభాగంలో ఆ మాట ఒక వాక్యం రాయండి.

అడగాల్సినవి: ఈ రోడ్డుకు ప్లాన్‌లో ఉన్న వెడల్పు, దాని షీటు సర్టిఫైడ్ కాపీ; తీర్మానం నంబరు, తేదీ, ఎజెండా నోట్; ఫైల్లోని నోట్ షీట్లు; ట్రాఫిక్ సర్వే చేసి ఉంటే ఆ రిపోర్టు; అంచనా వ్యయం; ఇంటి నంబర్ల వారీగా ఎంత స్థలం పోతుందో చూపే జాబితా; వచ్చిన అభ్యంతరాలు, వాటిపై ఇచ్చిన ఉత్తర్వులు. జాబితాలో యజమానుల పేర్లు అడగొద్దు, వ్యక్తిగత సమాచారమని మొత్తం ఆపేస్తారు. ఇంటి నంబరు, కొలత చాలు.

"ఎందుకు చేశారు" అని అడగొద్దు. ఆఫీసులో ఉన్న కాగితం ఇవ్వడమే వాళ్ల పని, మన సందేహాలు తీర్చడం కాదు. ఫీజు మున్సిపాలిటీలో పది రూపాయలు, మండల స్థాయి ఆఫీసులో ఐదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ఎక్కడా ఫీజు లేదు.

నా అనుభవంలో కాపీలకన్నా ఫైలు తనిఖీ ఎక్కువ పనికొచ్చింది. ఫైలు చూస్తామని అర్జీలో రాస్తే పిలవాలి, మొదటి గంట ఉచితం. మా మధ్య గీత గొడవ బయటపడింది అక్కడే. సర్వేయరు పెన్సిలుతో గీసిన చిత్తు స్కెచ్ ఒకటి ఫైల్లో ఉండిపోయింది. దాని మీద "తారు మధ్య నుంచి" అని ఆయన చేతిరాతే ఉంది.

జవాబే ఇవ్వకపోతే?

30 రోజులు చూడండి. తర్వాత 30 రోజుల్లో అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు, దీనికి ఫీజు లేదు. అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సమాచారం ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా వేయొచ్చని చట్టంలో ఉంది. కానీ కమిషన్ దాకా వెళ్తే నెలలకు నెలలు పడుతుంది. మొదటి అప్పీలు వేయగానే కదిలే ఫైళ్లే ఎక్కువ.

ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టడం తప్పనిసరి కాదా?

అన్ని రోడ్లకూ కాదు. దీని మీద చాలామందికి అపోహ ఉంది. వార్డు రోడ్డు వెడల్పు చేయడానికి సభ పెట్టి తీరాలని ఎక్కడా లేదు, అభ్యంతరాలు తీసుకుంటే చాలని ఆఫీసువాళ్లు అనుకుంటారు. 3 లక్షల పైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. అవి సరిగా కూర్చుంటే ఇలాంటివన్నీ ముందే అక్కడ చర్చకు రావాలి. మీ వార్డు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో కూడా సమాచార హక్కు కింద అడగొచ్చు, జవాబు చదవడానికి సరదాగా ఉంటుంది.

2013 భూసేకరణ చట్టం కింద భూమి తీసుకుంటే సామాజిక ప్రభావ అంచనా, దాని మీద బహిరంగ విచారణ ఉండాలి. అయితే కొన్ని రకాల ప్రాజెక్టులకు వీటి నుంచి మినహాయింపు ఇచ్చుకునేలా మన రెండు రాష్ట్రాలూ చట్టాన్ని సవరించుకున్నాయి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక 60 రోజుల్లో అభ్యంతరం చెప్పే హక్కు మాత్రం ఉంది.

పెద్ద హైవేలకు పర్యావరణ అనుమతి అవసరమైతే 2006 నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరపాలి. 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన, కలెక్టర్ లేదా ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ అధ్యక్షత, మొత్తం వీడియో రికార్డింగ్. చివర్లో చర్చ సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. జనం అప్పటికే లేచి వెళ్లిపోతుంటారు. మీరు కూర్చోండి, మీ మాట అందులో ఉందో లేదో వినండి.

జాతీయ రహదారి అయితే?

అది వేరే చట్టం, 1956 నాటిది. భూమి తీసుకోబోతున్నామని చెప్పే 3ఏ సెక్షన్ నోటిఫికేషన్ రెండు స్థానిక పత్రికల్లో వస్తుంది, అందులో ఒకటి తెలుగు పత్రికై ఉండాలి. అప్పట్నుంచి మీకు 21 రోజులే. తర్వాత 3డీ వచ్చిందంటే భూమి కేంద్రం పేరు మీదికి వెళ్లిపోయినట్టే, ఇక మిగిలేది పరిహారం మీద ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి ముందు వాదన. పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి 21 రోజులు అయిపోయినవాళ్లను చూశాను.

డబ్బు ఇస్తారా, టీడీఆర్ ఇస్తారా?

2013 చట్టం కింద అయితే మార్కెట్ విలువ, దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము), కట్టడానికి విడిగా విలువ. మున్సిపాలిటీలకు ఇది బరువు కాబట్టి టీడీఆర్ తీసుకోమంటాయి. స్థలం వదులుకున్నందుకు మరోచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం అది. తెలంగాణలో 2017 ఉత్తర్వులతో రోడ్డుకిచ్చిన స్థలానికి దాన్ని నాలుగు రెట్లు చేశారు. మాకు 27 అడుగుల ముఖం, 2.6 మీటర్ల లోతు, దాదాపు 25 గజాలు పోతాయి. నాలుగు రెట్లంటే వంద గజాల నిర్మాణ హక్కు. హైదరాబాద్‌లో అయితే బిల్డర్లు కొంటారు. చిన్న ఊళ్లో దాన్ని ఫ్రేమ్ కట్టించుకోవడమే. తొందరపడి ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టకండి, డబ్బే కావాలని రాసివ్వండి.

ఒకటి చూసుకోండి. మీ ఇంటికి పర్మిషన్ తీసుకున్నప్పుడే రోడ్డులో పోయే స్థలం అప్పగిస్తామని రాసిచ్చి, బదులుగా సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో) మినహాయింపో అదనపు అంతస్తో పొంది ఉంటే ఇప్పుడు మళ్లీ పరిహారం రాదు. పాత ప్లాన్ కాపీ బయటికి తీయండి.

మేం అద్దెకున్నాం, కింద షాపు. మమ్మల్ని ఎవరూ అడగరా?

యజమానినే పిలుస్తారు. అయినా జీవనోపాధి పోతుందని మీరూ అభ్యంతరం ఇవ్వొచ్చు. భూసేకరణ చట్టం కింద వెళ్తే, మూడేళ్లుగా అక్కడే పని చేసుకు బతుకుతున్నవాళ్లు కూడా ప్రభావిత కుటుంబాల లెక్కలోకి వస్తారు. తోపుడు బళ్లవాళ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది: సర్వే పూర్తికాకుండా ఖాళీ చేయించకూడదు, ఆ తర్వాత చేయించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

చెట్ల సంగతి?

చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి ఉండాలి. దాని కాపీ అడగండి. హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం మూడు వేలకు పైగా చెట్లు పోతాయని తెలిసి 2016లో నగరవాసులు రోడ్డెక్కారు, విషయం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల మీదా అక్కడే ఏళ్ల తరబడి వాదన నడిచింది. ఆ దారిలో ప్రమాదాలూ ఎక్కువే కాబట్టి రోడ్డు వద్దనడం తేలిక కాదు. ఏ చెట్టు ఉంచి ఏ వైపు వెడల్పు చేస్తారన్నది మొదట్లోనే జనం ముందు పెట్టి ఉంటే అన్నేళ్లు పట్టేది కాదని నా అభిప్రాయం.

మేం అమెరికాలో ఉన్నాం, ఇల్లు తాళం వేసి ఉంది.

నోటీసు తలుపుకు అంటించి ఫొటో తీసుకుంటే ఇచ్చినట్టే లెక్క వేస్తారు. పక్కింటివాళ్లను గమనించమనండి. భారత పౌరసత్వం ఉంటే మీరే సమాచార హక్కు అర్జీ పెట్టొచ్చు. లేకపోతే ఇక్కడున్న మీవాళ్లెవరైనా పెట్టొచ్చు, ఇంటి యజమానే పెట్టాలని లేదు. సర్వే రోజు మీ తరఫున నిలబడేవాళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ పంపండి.

ఇంతా చేస్తే మీకేం ఒరిగింది?

జాయింట్ సర్వే జరిగింది. మావైపు 3.4 కొట్టేసి 2.6 రాశారు, ఎదురువైపు 1.8 కొట్టేసి 2.6. వరండా మిగిలింది, మెట్లు పోతాయి. ఎదురింటాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత వాళ్ల బావమరిదిది ఇంకో వీధిలో ఇదే సమస్య అని అర్జీ నమూనా కోసం వచ్చాడు. రోడ్డు ఇంకా వేయలేదు.